ఏడు మండలాల దొంగ

మా నాన్న పున్నయ్యను పోలీసులు ఆపింది ఒక శనివారం ఉదయం తొమ్మిదింటికి, బందరు రోడ్డు మీద. మోపెడ్ వెనక సీటుకి సైకిల్ ట్యూబుతో బిగించి కట్టిన మోటారు ఒకటుంది. ముందు గోనెసంచిలో పానాలు, స్క్రూడ్రైవర్లు ఉన్నాయి. ఆయన పనే అది. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ల మోటార్లు కాలిపోతే విప్పి, బందరు తీసుకెళ్లి వైండింగ్ చేయించి, మళ్లీ తెచ్చి బిగిస్తాడు. సరిగ్గా ఆ వారంలోనే మా వైపు ఒకే రైతు చెరువుల మీద నాలుగు మోటార్లు పోయాయి. అందుకని మోటారు కనిపించిన బండినల్లా ఆపుతున్నారు. అందులో తప్పేమీ లేదు. నేనైనా ఆపుతాను.

మోటారు ఎవరిదని అడిగారు. ఫలానా రైతుదని చెప్పాడు. ఆ రైతుకి ఫోన్ చేస్తే "నాదేనండి, కాలిపోతే ఇచ్చాను" అన్నాడు. అక్కడితో అయిపోవాలి. అయిపోయేదే, ఒక కానిస్టేబుల్ మా నాన్న ముఖంలోకి మళ్లీ పరకాయించి చూడకపోయి ఉంటే.

"నిన్నెక్కడో చూశానే. యూట్యూబులో కదూ?" అన్నాడట అతను.

మా నాన్నకి చెప్పలేనంత సంతోషం వేసింది. "అవునండి, సాక్ష్యం చెప్పాను. చూశారా?" అన్నాడట.

కొరివితో తల గోక్కోవడం అంటే ఇంతకంటే వేరే ఉండదు. అయిదు నిమిషాల్లో ఆయన్ని జీపు ఎక్కించారు. మోటారునీ, మోపెడ్‌నీ వెనకాల ఇంకొకరు తోలుకొచ్చారు. ఆ దారిన పోతున్న ఎవరో మా అమ్మ సరోజకి చెబితే, ఆవిడ నాకు ఫోన్ చేసింది.

నేను బందరులో శ్యామ్ సుందర్ గారనే లాయరు దగ్గర గుమస్తాని. పదకొండేళ్లుగా బెయిలు పిటిషన్లు టైపు చేసి చేసి, సెక్షన్లు నాకు కీర్తనల్లాగా నోటికి వచ్చేశాయి. మా ఊరి పేరు మాత్రం చెప్పను. దివిసీమ వైపు అనుకోండి, చాలు. పేరు చెబితే ఆ స్టేషను ఏదో తెలిసిపోతుంది. ఆ ఎస్సై గారు ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు.

"ఏమన్నారమ్మా తీసుకెళ్లేటప్పుడు?" అని అడిగాను.

"ఊరికే మాట్లాడి పంపించేస్తామన్నారంట," అంది అమ్మ.

ఊరికే అన్నారంటేనే నాకు భయం. స్కూటీ తీశాను.

నేను స్టేషనుకి చేరేలోగా మీకు ఆ యూట్యూబు సంగతి చెప్పాలి. మా మందిరంలో ఆదివారం ఆరాధన మధ్యలో ఎవరైనా లేచి, దేవుడు తమకి చేసిన మేలు నలుగురికీ చెప్పుకోవచ్చు. దాన్నే సాక్ష్యం అంటాం. ఒకప్పుడు నేను ఇలా ఉండేవాణ్ని, ఇప్పుడిలా మారాను అని చెప్పాలి. అయితే అందులో ఒక చిక్కుంది. మనిషి పడిన గుంట ఎంత లోతైతే, లాగిన దేవుడు అంత గొప్పవాడు. అందుకని ఏటేటా గుంటలు లోతవుతూ ఉంటాయి. కల్లు తాగిన మనిషి మూడేళ్లు తిరిగేసరికి సారా కాసినవాడవుతాడు. అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనుకోరు.

మా నాన్న గుంట మోటార్ల దొంగతనం. నాకు ఊహ తెలిసేసరికి అది మూడు ఆయిల్ ఇంజన్లు. నేను పదో తరగతికి వచ్చేసరికి పదకొండయ్యాయి. నా పెళ్లినాటికి "పెదపారుపూడి నుంచి కృత్తివెన్ను దాకా ఏడు మండలాల్లో నేను విప్పని మోటారు లేదు, నేను దాటని గట్టు లేదు" అనే వాక్యం వచ్చి చేరింది. తర్వాత కుక్కలు కూడా చేరాయి. ఆయన దొంగతనానికి వెళితే ఊరి కుక్కలు తోక ఊపి దారిచ్చేవట. జనం ఏడ్చేవాళ్లు. "స్తోత్రం" అని కేకలు వేసేవాళ్లు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునేవాళ్లని చూశాం గానీ, ఎవరూ అడక్కుండానే తోట తోటంతా నేనే ఎత్తుకెళ్లానని మైకులో చెప్పే మనిషిని నేను మా నాన్ననే చూశాను.

కానీ నవ్వుతున్నానని అనుకోకండి. నేను నమ్మాను. ప్రతి మాటా నమ్మాను. బళ్లో పిల్లలు నన్ను మోటార్ల దొంగ కూతురని పిలిస్తే ఇంటికొచ్చి ఏడ్చి, మళ్లీ ఆదివారం ఆయన మైకు ముందు నిలబడి కన్నీళ్లు పెట్టుకుంటుంటే, అలాంటి మనిషి ఇలా మారాడు కదా అని గర్వపడి కూడా ఏడ్చాను.

పోయినేడు పాస్టరు గారబ్బాయి డేనియల్ ఆ సాక్ష్యాన్ని వీడియో తీసి మందిరం ఛానల్లో పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోకుండా పైన ఎర్ర అక్షరాలతో "ఏడు మండలాలను వణికించిన మోటార్ల దొంగ" అని రాసి, మా నాన్న ముఖానికి ఒక బాణం గుర్తు కూడా వేశాడు. పదకొండు వేల మంది చూశారు. పన్నెండో వెయ్యి మొదలుపెట్టింది ఆ కానిస్టేబుల్ అయి ఉంటాడు.

స్టేషను వరండాలో బల్ల మీద మా నాన్న ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఫోన్ తీసేసుకున్నారు. నన్ను చూసి లేవబోయి, లేవొచ్చో లేదో తెలియక మళ్లీ కూర్చున్నాడు. అది చూసి నాకు ఒళ్లు మండింది.

ఎస్సై గారు, వెంకటరమణ అనుకోండి, ముప్పై ఏళ్ల మనిషి. మర్యాదగానే కుర్చీ చూపించాడు.

"సార్, నేను పున్నయ్య గారి అమ్మాయిని. షీబా అంటారు. మా నాన్నని ఎందుకు కూర్చోబెట్టారండి?"

"కూర్చోబెట్టడమేంటమ్మా? ఊరికే మాట్లాడదామని రమ్మన్నాం."

"ఊరికే అయితే ఇప్పుడు ఇంటికి తీసుకెళ్లొచ్చాండి?"

"అప్పుడే ఎలా కుదురుద్ది?"

"కుదరదంటే ఊరికే కాదు కదండి. ఆయన్ని సాక్షిగా పిలిచారా, అనుమానం ఉండి పిలిచారా చెప్పండి. సాక్షి అయితే, అరవై దాటినాయన్ని స్టేషనుకి పిలవకూడదు, ఇంటికొచ్చి అడగాలి. అనుమానమైతే రాతపూర్వకంగా నోటీసివ్వాలి. పాత చట్టంలో నలభై ఒకటి-ఏ అనేవాళ్లం, ఇప్పుడు ముప్పై అయిదు. మోటారు ఓనరు నాదేనని చెప్పాక కూడా ఉంచారంటే మూడో కారణం ఏదన్నా ఉందాండి?"

ఎస్సై గారు కొంచెం వెనక్కి వాలాడు. "ఎక్కడ పనిచేస్తున్నావమ్మా?"

"శ్యామ్ సుందర్ గారి దగ్గరండి, బందరులో."

"అదీ సంగతి," అన్నాడు. "అరవై దాటాయని ఏంటి గ్యారంటీ?"

ఆధార్ కార్డు ఇచ్చాను. పుట్టినతేదీ జనవరి ఒకటి, పంతొమ్మిది వందల అరవై మూడు. మా వీధిలో మూడొంతుల మంది జనవరి ఒకటినే పుట్టారు. ఎస్సై గారు కార్డు చూసి, పక్కన పెట్టి, నా ముందుకి ఆయన ఫోన్ జరిపాడు.

"నువ్వు చదువుకున్నదానివి. ఇది చూసి నువ్వే చెప్పు."

మా నాన్న గొంతు స్టేషనంతా వినపడింది. విప్పని మోటారు లేదు, దాటని గట్టు లేదు, కుక్కలు, అంతా. రాసుకుంటున్న రైటరు కలం ఆపాడు. లేడీ కానిస్టేబుల్ గుమ్మంలో నిలబడి విన్నది. వరండాలో ఉన్న మా నాన్నకి కూడా వినపడుతూనే ఉంది. మందిరంలో ఏడిపించే ఆ మాటలే ఇక్కడ ఎంత భయంకరంగా ఉన్నాయో చెప్పలేను.

"ఇది నేను కొట్టి చెప్పించానా?" అన్నాడు ఎస్సై. "వేలు కూడా వెయ్యలేదు. తెల్లచొక్కా వేసుకుని, రెండొందల మంది ముందు, ఆయనంతట ఆయనే చెప్పాడు. చేసే పని మోటార్లు విప్పడం. మా మండలంలో పోయింది మోటార్లు. నా చోట నువ్వుంటే వదిలిపెడతావా?"

నేను బయటికొచ్చి శ్యామ్ సుందర్ గారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నారు.

"పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదమ్మా. అది నీకూ తెలుసు," అన్నారు. "మందిరంలో ఒప్పుకున్నది వేరు. ఎవరి బలవంతం లేకుండా బయటివాళ్ల ముందు చెప్పింది. బలహీనమైనదే గానీ, సాక్ష్యంగా తెచ్చి పెట్టొచ్చు."

"డేనియల్‌తో ఆ వీడియో తీయించేస్తే?"

"చంపుతావా ఏంటి? ఎస్సై ఈపాటికి దాన్ని దాచుకునే ఉంటాడు. తీయిస్తే సాక్ష్యాన్ని మాయం చేశారని ఇంకో కేసు తగులుకుంటుంది. ముందు నోటీసు తీసుకుని మనిషిని ఇంటికి తీసుకెళ్లు."

లోపలికి వచ్చేసరికి మా నాన్నని ఎస్సై గారి ఎదురుగా నిలబెట్టారు.

"ఏవయ్యా పున్నయ్యా, ఇందులో చెప్పింది నిజమా, అబద్ధమా? ఒక్క ముక్కలో చెప్పు."

"నాన్నా, నిన్ను ఇరికించే ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదు. ఆ హక్కు నీకుంది," అన్నాను నేను.

మా నాన్న నన్నొకసారి చూశాడు, ఎస్సైనొకసారి చూశాడు, తల వంచుకున్నాడు. ఎంతసేపటికీ నోరు మెదపలేదు. నా మాట విన్నాడనే అనుకుని నేను సంబరపడ్డాను.

రైటరు ఒక కాగితం తెచ్చాడు. అప్పటికే రాసి ఉంది. "నేను పూర్వము పలు మండలములలో మోటారు దొంగతనములు చేసియుంటిని" అని మొదలవుతోంది. కింద సంతకానికి గీత కూడా గీశాడు. మా నాన్న అలవాటుగా జేబులో పెన్ను కోసం తడుముకున్నాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"పోలీసుకిచ్చిన వాంగ్మూలం మీద సంతకం పెట్టించుకోకూడదండి. ఇది ఆయన చెప్పింది కూడా కాదు, మీరు రాసుకున్నది."

ఎస్సై గారు రైటరు వైపు చూసి, తీసెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ మనిషికి మా మీద కక్షేమీ లేదు. పై నుంచి ఫోన్లు వస్తున్నాయి, మోటార్లు దొరకలేదు, చేతికి ఒక దొంగ దొరికాడు. దొరికినవాడు తనంతట తనే దొంగనని చెప్పుకున్నాడు. అంతే.

నోటీసు రాసిచ్చాడు. సోమవారం పదింటికి హాజరు కావాలి. ఫోన్, మోపెడ్ ఇచ్చేశారు. మోటారు ఉంచుకుంటే రసీదు ఇమ్మన్నాను. రసీదెందుకని మోటారు కూడా ఇచ్చేశారు. లాయరు గారిని తెచ్చుకోవచ్చా అని అడిగితే, "తెచ్చుకో తల్లీ, మేం ఒద్దంటే మాత్రం మానేస్తావా?" అన్నాడు.

నేను గెలిచాననుకున్నాను. రోడ్డు మీదికొచ్చాక టీ కొట్టు దగ్గర ఆపి రెండు టీలు చెప్పాను. మా నాన్న గ్లాసు పట్టుకుని తాగడం మర్చిపోయాడు.

"నాన్నా, సోమవారానికి నిజం తెలియాలి. లాయరు గారికి చెప్పాలి. మొత్తం ఎన్ని?"

"ఒకటి."

"ఒక్క ఇంజనా?"

"ఇంజను కాదమ్మా. ఫుట్ వాల్వు."

ఫుట్ వాల్వంటే ఇంజను పైపు చివర నీళ్లలో మునిగి ఉండే ఇనప బుట్ట. ఇరవై రెండేళ్ల వయసులో పెదపారుపూడి దగ్గర కాలవ మీద, కాంతారావు గారనే రైతు ఇంజనుది విప్పాడట. అమ్ముకుందామంటే భయమేసి, రెండు రోజులు గడ్డివాములో దాచి, మూడో రోజు తెల్లారేసరికి మళ్లీ తీసుకెళ్లి కాలవ గట్టు మీద పెట్టేసి వచ్చాడట. ఏడు మండలాలూ అంతే. కుక్కల సంగతి నేను అడగలేదు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. టీ కొట్టతను విన్నాడో లేదో కూడా చూసుకోలేదు. "నన్ను దొంగ కూతురని పిలిచారు నాన్నా! ఎనిమిదేళ్లు! నేను పడిందంతా ఒక ఫుట్ వాల్వు కోసమా?"

"మొదటిసారి ఉన్నదున్నట్టే చెప్పానమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఫుట్ వాల్వు తీశాను, పెట్టేశాను, దేవుడు క్షమించాడు అని. ఎవరూ స్తోత్రం అనలేదు. వెనక బల్ల మీద ఒకాయన నవ్వాడు. తర్వాతి ఏడాది ఇంజనన్నాను."

"మరి ఇందాక స్టేషన్లో అదంతా అబద్ధమని ఎందుకు చెప్పలేదు? నేను చెప్పొద్దన్నాననా?"

"నువ్వన్నావని కాదు," అన్నాడు. "ప్రేమ్ సాగర్ గుర్తొచ్చాడు."

ప్రేమ్ సాగర్ మా వీధి చివర ఉంటాడు. చెరువులకి ఐసు మోసే వ్యాను తోలుతాడు. రెండేళ్ల కిందటి దాకా అతను సాయంత్రం ఆరయ్యేసరికి బ్రాందీ షాపు ముందుండేవాడు. ఇంటికొచ్చి భార్యని కొట్టేవాడు. ఒకసారి పెద్ద కూతురి చెయ్యి విరిచాడు. ఆరేళ్ల పిల్ల. ఆ తర్వాతి ఆదివారం భార్య బలవంతం మీద మందిరానికి వచ్చి, వెనక బల్ల మీద కూర్చుని, మా నాన్న సాక్ష్యం విన్నాడు. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. "ఏడు మండలాల దొంగే మారాడంట, నేనో లెక్కా?" అని అందరికీ చెప్పుకునేవాడు. ఇప్పుడు ముందు వరసలో కూర్చుంటాడు. మా నాన్నని మావయ్యా అంటాడు.

"వాడు నిలబడింది నా మాట మీద," అన్నాడు మా నాన్న. "ఆ మాట ఉత్తదంటే వాడేమైపోతాడు?"

చట్టంలో దీనికి సెక్షన్ లేదు. అయినా గుమస్తాని కదా, దారి వెతికాను. "సోమవారం స్టేషన్లో ఎస్సై గారికి మాత్రం చెప్పు. కాంతారావు గారిని అడిగి నిర్ధారించుకుంటారు. మందిరంలో ఎవరికీ తెలియక్కర్లేదు."

"అక్కడ మైకులో చెప్పి ఇక్కడ చెవిలో దిద్దుకుంటానా?" అన్నాడు. టీ గ్లాసు అలాగే బల్ల మీద పెట్టేశాడు.

ఆదివారం నేను కూడా వెళ్లాను. సాక్ష్యాల వేళకి మా నాన్న లేవగానే డేనియల్ అలవాటు ప్రకారం ఫోన్ పైకెత్తి వీడియో మొదలుపెట్టాడు. ప్రేమ్ సాగర్ ముందు వరసలో భార్యాపిల్లలతో ఉన్నాడు. శనివారం సంగతి అందరికీ తెలుసు కాబట్టి, పోలీసుల చేతిలోంచి దేవుడు తప్పించిన కథ వస్తుందని ఎదురు చూస్తున్నారు. కొందరు ముందే "స్తోత్రం" అన్నారు కూడా.

"నేను మీకు ముప్పై ఏళ్లుగా అబద్ధం చెబుతున్నాను," అన్నాడు మా నాన్న.

తర్వాత ఫుట్ వాల్వు సంగతి చెప్పాడు. గట్టిగా అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. "ఇంజన్లు లేవు. ఏడు మండలాలు లేవు. కృత్తివెన్నుకి నేను మొదటిసారి వెళ్లింది నా పెళ్లయ్యాక, మా తోడల్లుడి ఇంటికి. ఉన్నది చెబితే చిన్నదిగా ఉంటుందని పెద్దది చేశాను. దేవుణ్ని పెద్ద చేస్తున్నాననుకున్నాను. నన్ను నేను పెద్ద చేసుకున్నాను. నన్ను క్షమించండి."

ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరు గారు కీబోర్డు వాయించే కుర్రాడి వైపు చూశారు, అతనికి ఏం వాయించాలో తెలియలేదు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒక్క గొంతు, సన్నగా, "స్తోత్రం" అంది. మా అమ్మ. ఆవిడకి పెళ్లినాడే తెలుసట. ముప్పై ఏళ్లు మనసులోనే పెట్టుకుని కూర్చుంది. ఆవిడ సంగతి వేరే రాయాలి.

ప్రేమ్ సాగర్ లేచాడు. మా నాన్న ముఖం కేసి చూడలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుని బయటికి వెళ్లిపోయాడు. ఐసు వ్యాను స్టార్టయిన చప్పుడు అందరికీ వినపడింది. భార్య పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కుని అలాగే కూర్చుంది.

సోమవారం పదింటికి స్టేషనుకి వెళ్లాం. శ్యామ్ సుందర్ గారు కూడా వచ్చారు గానీ, ఆయన నోరు తెరవాల్సిన అవసరం రాలేదు. ఎస్సై గారు డేనియల్ కొత్త వీడియో అప్పటికే చూశాడు.

"అబద్ధమాడానని చెప్పడానికి రెండ్రోజులు పట్టిందా పున్నయ్యా? శనివారమే చెబితే నాకు ఒక నోటీసు కాగితం మిగిలేది కదయ్యా," అన్నాడు. అన్నాడు గానీ, ఆ రోజు తొలిసారి మా నాన్నకి కుర్చీ వేయించాడు.

నాలుగు మోటార్లు పోయిన రైతు కూడా వచ్చి ఉన్నాడు. ఆయనెవరో కాదు, ఆ కాంతారావు గారే. ఇప్పుడు గుడివాడలో ఉంటారు, మా వైపు చెరువులు లీజుకి తీసుకున్నారు. ఎస్సై గారు ఫుట్ వాల్వు సంగతి అడిగితే ఆయన కళ్లజోడు తీసి మా నాన్న వైపు కాసేపు చూశారు.

"అది నువ్వా?" అన్నారు. "మేం ఫుట్ వాల్వు లేక రెండ్రోజులు నీళ్లు పెట్టలేదయ్యా. నేనే ఎక్కడో పారేశానని మా నాన్న కాలవ గట్టు మీద, కూలోళ్లందరి ముందు నా చెంప పగలగొట్టాడు. పాతికేళ్ల వయసు నాకు. మూడో రోజు గట్టు మీద అది దొరికితే, నేనే దాచి తెచ్చి పెట్టానన్నాడు. పోయేదాకా నమ్మలేదు నన్ను."

మా నాన్న కుర్చీలోంచి లేచి చేతులు జోడించాడు. "తప్పయిపోయిందండి కాంతారావు గారూ." ఏడు మండలాల కథ చెప్పినప్పుడు రాని వణుకు ఆ ఒక్క మాటకి వచ్చింది ఆయన గొంతులో.

"ఇప్పుడేం చేస్తాం, కూర్చో," అన్నారు కాంతారావు గారు. క్షమించానని మాత్రం అనలేదు. ఈయన మీద తనకి అనుమానమేమీ లేదని ఎస్సైకి చెప్పి వెళ్లిపోయారు. పది రోజులకి మోటార్లు దొరికాయి. ఎక్కడ, ఎవరి దగ్గర అన్నది మనకనవసరం. మళ్లీ స్టేషను నుంచి మాకు కబురు రాలేదు. మందిరంలో మాత్రం, అప్పటిదాకా సంఘపెద్దల్లో ఒకడిగా ఉన్న మా నాన్నని కొంతకాలం ఆ బాధ్యత వద్దన్నారు. కొత్త వీడియోని నూట నలభై మంది చూశారు.

ప్రేమ్ సాగర్ తర్వాతి ఆదివారం మందిరానికి రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. వ్యాను బ్రాందీ షాపు దారిలో ఆగి ఉండగా చూశామని ఎవరో చెప్పారు. దిగాడో లేదో చూడలేదట. అతని భార్య మా అమ్మ దగ్గరికొచ్చి కాసేపు కూర్చుని వెళ్లింది.

ఆ మర్నాటి నుంచి మా నాన్న రోజూ సాయంత్రం ఆరింటికి, పని మానుకుని అయినా సరే, ప్రేమ్ సాగర్ ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాడు. మొదటి రోజు "ఇంకో కథ చెబుదామని వచ్చావా?" అని అతను మొహం మీదే తలుపు వేశాడట. రెండో రోజు వీధిలో అందరూ వినేలా తిట్టాడట. మా నాన్న తిరిగి ఒక్క మాట అనలేదు, బోధించలేదు, ప్రార్థన కూడా చెయ్యలేదు. మెట్టు మీద కూర్చుని, తొమ్మిదయ్యాక లేచి ఇంటికొచ్చేవాడు. అమ్మ ఫోన్లో చెబితే నాకు మళ్లీ ఒళ్లు మండింది. ఈ వయసులో ఆయనకి తిట్లు తినాల్సిన ఖర్మేంటి? ఆ శనివారం సాయంత్రం నేరుగా ప్రేమ్ సాగర్ ఇంటికే వెళ్లాను.

మా నాన్న గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"లే నాన్నా, ఇంటికి పోదాం. నిన్నెవరు రమ్మన్నారిక్కడికి?"

"ఎవరూ రమ్మనలేదమ్మా," అన్నాడు.

అంతలో తలుపు తీసుకుని ప్రేమ్ సాగర్ బయటికొచ్చాడు. చేతిలో వ్యాను తాళం ఉంది. తల దువ్వుకున్నాడు, చొక్కా మార్చుకున్నాడు. ఎక్కడికి బయల్దేరాడో అడగక్కర్లేదు. వెనక గుమ్మంలో పెద్దపిల్ల నిలబడి చూస్తోంది.

"జరుగు మావయ్యా, దారికడ్డం," అన్నాడు.

మా నాన్న జరగలేదు.

"జరుగుతావా లేదా?"

ఒక మనిషిని అతని ఇంటి గుమ్మంలో ఆపడానికి మా నాన్నకి ఏ హక్కూ లేదు. కారణం చెప్పకుండా ఆపడానికి అసలే లేదు. పదకొండేళ్లుగా నేను టైపు చేస్తున్నది అదే. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. పిల్ల చెయ్యి కేసి చూశాను. మోచెయ్యి దగ్గర ఎముక సరిగ్గా అతుక్కోలేదు, కొంచెం వంకరగా ఉంది.

నేను వెళ్లి మా నాన్న పక్కన, మెట్టు మీద మిగిలిన ఖాళీలో కూర్చున్నాను.